పల్లవి కాడ మెల్లగ

నిఖితకు నోరెక్కువని కాలనీల అందరంటరు. ఎక్కువే మరి. పాటలు రాసుడు, గిటారు మెడకేసుకొని మైకు ముందట నిలబడి పాడుడు పెట్టుకున్నంక నోరు తక్కువుంటె ఎట్ల నడుస్తది? కరీంనగర్ల రాక్ షో పెడుతున్న రిత్విక్ ఆమెను హోటల్ల కూసోబెట్టి చాయ్ తాగిపిచ్చి, "నీ పాటలు బాగున్నయి, నీ గొంతు ఇంకా బాగున్నది, గని నీ ఎనుక వాయించేటోళ్లు వద్దు" అన్న దినం గా నోరే పనికొచ్చింది.

"వాళ్లు ఎనుక లేకుంటె నేను ముందట ఉండ" అన్నది.

"కోపానికి రాకమ్మా. మీ రికార్డింగులు అన్ని ఇన్న. మీ పాటలు చరణంతోని మొదలైతయి, గందాక మంచిగనే నడుస్తది. పల్లవి రాంగనే నలుగురు ఒక్కసారే చల్లబడుతరు. రాక్ పాటల పల్లవి అంటె లేవాలె గదా? మీది పండుకుంటది. హైదరాబాద్ సంది నలుగురు ఆర్టిస్టులు వస్తుండ్రు. వాళ్లతోని పాడు."

నిఖిత చాయ్ గిలాస కింద పెట్టింది. "మొదటి పాట మా బ్యాండుతోని పాడుత. గ్రౌండుల జనం లేవకుంటె మిగిలిన నాలుగు పాటలు మీ హైదరాబాదోళ్లతోని. లేస్తె అయిదు మాయే."

"మాట మీద ఉంటవా?"

"నా మాట సంగతి మా కాలనీల అడుగుండ్రి" అని గిటారు సంచి భుజానికేసుకొని లేచొచ్చింది.

బస్సు సుల్తానాబాద్ దాటంగనే, గీ పందెం ఎందుకు కాసిన్నా అనుకున్నది. ఎందుకంటె రిత్విక్ అన్నదాంట్ల అబద్ధం ఒక్క ముక్క లేదు. పల్లవి నిజంగనే పండుకుంటది. ఎందుకు పండుకుంటదో చెప్పాలంటె ముత్తయ్య నిద్ర సంగతి చెప్పాలె.

మంచిర్యాల పక్కన బొగ్గుబాయి క్వార్టర్లు ఎట్లుంటయో చూసినోళ్లకు ఎరికే. రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. గోడకు గీ పక్క నిఖిత వాళ్లు, గా పక్క రాజక్క, ఆమె మొగడు ముత్తయ్య. ముత్తయ్యది బాయి అడుగున నీళ్లు తోడే పంపు కాడ డ్యూటీ. పగటి ఎండల నడుచుడు పడదని అడిగి మరీ రాత్రి షిఫ్టే తీసుకుండు. పొద్దుగాల ఇంటికొచ్చి, బజారు పని చూసుకొని, అన్నం తిని పండుకుంటె సాయంత్రం ఆరింటికి లేస్తడు. కాలనీల పిల్లలు మాటలు నేర్వకముందే ఒక్కటి నేరుస్తరు, షిఫ్టు చేసొచ్చినోని నిద్ర చెడగొట్టద్దని. నిద్ర లేనోడు బాయిల దిగితె వాని పానానికే గాదు, పక్కోని పానానికి గూడ ముప్పే.

ఇగ నిఖిత ఇంట్ల బ్యాండు ప్రాక్టీసు ఎప్పుడంటె మూడున్నరకు, పొద్దటి షిఫ్టు దిగినంక. అంటె ముత్తయ్య మంచి నిద్రల ఉన్నప్పుడే. బేస్ గిటారు వాయించే ఎల్లేశం బాయిల కరెంటు పని చేస్తడు. డ్రమ్ములు కొట్టే నిరంజన్ డంపర్ నడుపుతడు, బూట్లు గూడ ఇప్పకుండ సక్కగ ప్రాక్టీసుకే వస్తడు. లీడ్ గిటారు స్నిగ్ధది, లక్సెట్టిపేటల మధ్యాహ్నం దాకా బడి పిల్లలకు లెక్కలు చెప్పి బస్సెక్కి వస్తది. డ్రమ్ముల మీద చెద్దర్లు కప్పి, స్పీకర్లను గోడకు దూరం జరిపి మొదలుపెట్టిండ్రు. మొదటి దినమే, పల్లవి కాడ నలుగురు జోష్‌ల లేవంగనే, గోడ అవతల సంది పప్పుగుత్తితోని దెబ్బలు పడ్డయి. ధన్. ధన్. ధన్. రాజక్క.

అంతే. గా దినం సంది పల్లవి వస్తుందనంగనే నలుగురి చేతులు వాటంతటవే మెల్లగైతయి. నాలుగేండ్లు గట్లనే. నిఖిత గూడ పల్లవిని పెదవి చివర్ల నుంచి పాడుతది. రికార్డింగు చేసినా గంతే, వేరే ఊర్ల పాడినా గంతే. పప్పుగుత్తి రాజక్క చేతిల ఉన్నదా, వీళ్ల నెత్తి మీద ఉన్నదా అనిపిస్తది.

షోకు పది దినాలే ఉన్నయి. నిఖిత పందెం సంగతి చెప్పి, బ్యాండోళ్లను లక్సెట్టిపేట కాడ గోదారి ఇసుకలకు తోలుకపోయింది. ట్రాలీ ఆటోల స్పీకర్లు, జనరేటరు. గోడ లేదు, రాజక్క లేదు, ముత్తయ్య లేడు. ఇసుక, నీళ్లు, కొంగలు.

"ఇగ కొట్టుండ్రి! ఎవ్వనికి భయపడుతరో చూస్త!" అని అరిచింది.

చరణం అదిరింది. కొంగలు లేచిపోయినయి. పల్లవి వచ్చింది. నలుగురు చల్లబడ్డరు. కొంగలు మళ్ల వచ్చి కూసున్నయి.

నిరంజన్ కట్టెలు ఇసిరికొట్టిండు. "నేను కొడుదామనే అనుకున్న, చెయ్యి ఇనలే! నేనేం జేయాలె?"

"బిడ్డా, నాలుగేండ్ల అలవాటు నాలుగు దినాలల్ల పోతదా?" అన్నడు ఎల్లేశం. "పోనీ, గా హైదరాబాదోళ్లతోనే పాడు. మేము ముందట కుర్చీలల్ల కూసొని చప్పట్లు కొడుతం. నీ పేరొస్తె మాకు రానట్టా?"

నిఖితకు గప్పుడు ఏడుపొచ్చింది, కోపంగ మారింది. "కాకా, ఇంకోసారి గా మాటంటె గోదాట్లకు తోస్త. మొదటి తీగ ఎట్ల బిగించాలో చూపెట్టింది నువ్వు. నేను రాసిన మొదటి పాట ఇని నవ్వనిది మీరే ముగ్గురు. మీరు లేకుండ పాడుత గావచ్చు, గని గది నా పాట గాదు. మీరు నావోళ్లు. గంతే. ఇగ లేవుండ్రి, మళ్ల ఫస్టు సంది."

పది దినాలు మొత్తుకున్నరు. నిరంజన్ డ్రమ్ము మీద కాయితం అతికిచ్చి 'కొట్టు' అని రాసుకుండు. ఆఖరి రెండు దినాలు పల్లవి జర లేచింది గూడ. నిఖిత గుండె కుదుటపడ్డది.

ఆదివారం సాయంత్రం అయిదింటికి కరీంనగర్ కాలేజి గ్రౌండు నిండిపోయింది. ఆదివారం సెలవాయె, కాలనీ సంది రెండు జీపులల్ల జనం వచ్చిండ్రు. ముందు వరుసల్నే రాజక్క, పక్కన ఇస్త్రీ అంగిల ముత్తయ్య. స్టేజీ పక్కన హైదరాబాద్ ఆర్టిస్టులు నలుగురు గిటార్లు బిగించుకొని తయారుగ కూసున్నరు. రిత్విక్ చేతులు కట్టుకొని నిలబడ్డడు.

నిఖిత మైకు కాడికొచ్చి, "మేము బొగ్గుబాయి కాడి సంది వచ్చినం. వీళ్లు నా బ్యాండు. జర మంచిగ ఇనుండ్రి" అని గిటారు తీగ మీటింది.

చరణం నిప్పులెక్క అంటుకున్నది. ఎల్లేశం బేసుకు కింద పలకలు వణికినయి. నిరంజన్ పూనకమొచ్చినట్టు కొడుతుండు, స్నిగ్ధ గిటారు ఏడిపిస్తుంది. పోరగాండ్లు కుర్చీలెక్కిండ్రు. ఇగ పల్లవి. నిఖిత గట్టిగ ఊపిరి పీల్చి ముందటికి చూసింది. ముత్తయ్య కనబడ్డడు.

ఆమెకే గాదు, నలుగురికి కనబడ్డడు. నలుగురి చేతులు ఒక్కసారే మెల్లగైనయి.

అయిపాయె! అన్నది ఆమె మనసు. గ్రౌండంత చప్పున చల్లబడ్డది. పక్కకు చూస్తె హైదరాబాద్ డ్రమ్మరు లేచి నిలబడుతుండు. ఎనుకకు చూస్తె నిరంజన్ మొఖంల నెత్తురుచుక్క లేదు. కానీ పాట ఆపేది లేదు గదా. ఏదైతె అదైతదని, ఇంట్ల పాడినట్టే, మైకుకు పెదవులు ఆనిచ్చి, గోడ అవతల పండుకున్నోనికి ఇనబడకుండ పాడినట్టు పాడింది.

"తలుపు మెల్లగ తియ్యే, పొద్దు పండుకున్నది..."

గ్రౌండుల చీమ చిటుక్కుమంటె ఇనబడేటట్టున్నది. గా సప్పుడు లేనికాడ, ముందు వరుసల సంది, శ్రుతి లేని మొగగొంతు ఒక్కటి లేచింది.

"బొగ్గు గడిగిన చేతుల తెల్లారుతున్నది..."

ముత్తయ్య! కండ్లు మూసుకొని, తల ఊపుకుంట పాడుతుండు. ఒక్క అక్షరం తప్పలే. రాజక్క నోరు తెరిచి మొగన్ని చూస్తుంది. నిఖిత ఆయనతోని గొంతు కలిపింది. ఎనుక కాలనీ జనం అందుకున్నరు. రెండోసారికి కాలేజి పోరగాండ్లు అందుకున్నరు, మెల్లగ, అందరు మెల్లగ, వేలమంది ఒక్కింట్ల ఎవర్నో లేపొద్దన్నట్టు. గప్పుడు నిరంజన్ కట్టె ఎత్తిండు. రెండో చరణం పడ్డది సూడు, గ్రౌండు గ్రౌండే లేచింది.

రిత్విక్ హైదరాబాదోళ్ల దిక్కు చెయ్యి ఊపి, కూసోమన్నడు. అయిదు పాటలు వీళ్లే వాయించిండ్రు. పల్లవి పల్లవికి మెల్లగనే అయిండ్రు, గని ఇగ భయంతోని గాదు.

షో అయినంక స్టేజీ ఎనుక రాజక్క మొగన్ని నిలదీసింది. "నాలుగేండ్ల సంది నీ నిద్ర కోసమని పప్పుగుత్తి అరగ్గొట్టిన. నువ్వు పండుకోకుండ పాటలింటున్నవా?"

"పండుకున్ననే! ఒట్టు!" అన్నడు ముత్తయ్య. "నాది పంపు డ్యూటీ. ముప్పై ఏండ్ల సంది రాత్రంత గా మోత పక్కనే ఉంట. మోతుంటె నాకు ఫికర్ లేదు, నిద్ర గూడ మంచిగ పడ్తది. మోత ఆగిందంటెనే మెలకువొస్తది. ఆగితె బాయిల నీళ్లు నిండుతయి గదా. వీళ్లు మంచిగ వాయించినంతసేపు గుర్రుపెట్టి పండుకుంట. పల్లవి కాడ మెల్లగ కాంగనే ఠక్కున లేస్త. అందుకే నాకు పల్లవులన్ని కంఠతా వచ్చినయి. చరణాలు ఒక్కటి రావు."

ఎల్లేశం నెత్తి కొట్టుకుండు. గా పంపుకు కరెంటు ఇచ్చేది ఆయనే, మోత సంగతి ఎరికే, గని ఒక్కసారన్న తట్టలే.

"మరి గీ ముచ్చట నాలుగేండ్లల్ల ఒక్కసారన్న చెప్పకపోతివి పెద్దబాపూ!" అన్నది నిఖిత. నవ్వుకుంట కండ్లు తుడుచుకున్నది. "ఇగ రేపటి సంది గట్టిగ కొడుతం."

"కొట్టుండ్రి బిడ్డా. చెద్దర్లు గూడ తీసెయ్యిండ్రి" అన్నడు ముత్తయ్య. "గని పల్లవి కాడ మాత్రం మెల్లగనే పాడు. లేకుంటె నాకు మెలకువ రాదు."