బాల్చీ పక్క చోటు

ఓలవి నన్ను సరస్సు ఒడ్డున ఉన్న తన వేసవి ఇంటికి రమ్మన్నాడు. అరవై దాటాక ఈ పెళ్ళిచూపులేమిటని నవ్వుకున్నాను గానీ, అవి పెళ్ళిచూపులే. చూడబోయేది అతని కూతురు రీక్కా. వాళ్ళమ్మ ఎయిలా పోయి మూడేళ్ళయింది. "రీక్కా కాదంటే నేనిక పెళ్ళి మాటెత్తలేను ఇర్మెలీ," అని ముందే చెప్పేశాడు. మంచివాడే, కూతురి ముందు మాత్రం పిల్లి.

అడవి బాట పట్టగానే బిర్చి చెట్ల మధ్య ఎండ మెత్తగా పరుచుకుని ఉంది. నీళ్ళు కదలడం లేదు. అవతలి ఒడ్డున ఒక పక్షి పిలిచింది, జవాబు రాకపోయినా మళ్ళీ పిలిచింది. మెలకువలోనే ఉన్నానా అని నాకే అనుమానమొచ్చింది.

రీక్కా రేవు చెక్కల మీద మోకాళ్ళేసి నేల మీద పరిచే గుడ్డపేలికల పట్టాలు తోముతోంది. నేనూ ఒక బ్రష్షు అందుకోబోయాను.

"వద్దండీ, మీరు అతిథి," అంది.

కట్టెలు మోయబోతే అదే మాట. ఉడికిన దుంపల మీదికి సోయకూర తరగబోతే అదే మాట. మా వేసవి ఇళ్ళల్లో ఎవరినీ ఊరికే కూర్చోనివ్వరు, వచ్చినవాళ్ళకి ఏదో ఒక పని అంటగడతారు. పని చెప్పలేదంటే పరాయివాళ్ళనే లెక్క. ఇంత మర్యాదగా నన్నెవరూ ఏడిపించలేదు.

"కాఫీ తాగుతూ హాయిగా కూర్చో," అన్నాడు ఓలవి.

"నువ్వు కూర్చో హాయిగా!" అని కసిరాను.

సాయంత్రం సౌనా కాగింది, అదే, కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పట్టే కొయ్య గది. నేనున్నాను కాబట్టి ముందు ఆడవాళ్ళ వంతు. నేను ముందుగా వెళ్ళి, మెట్లలా ఉన్న బల్లల్లో పై బల్ల ఎక్కి, నీళ్ళున్న కొయ్య బాల్చీ పక్కన మూలగా కూర్చున్నాను. చిన్న కిటికీలోంచి సరస్సంతా బంగారు రంగులో కనిపిస్తోంది. ఒళ్ళు వెచ్చబడి, నేనెందుకొచ్చానో కూడా మరిచిపోయాను.

రీక్కా లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అది అమ్మ చోటు."

సౌనా బల్ల మీద ఎవరి చోటు వాళ్ళకుంటుందని తెలియనిదాన్నా? అడగాలన్న ఇంగితం లేకపోయింది. ఇక అంతా అయిపోయిందనుకుంటూ లేవబోయాను.

"లేవకండి," అంది రీక్కా. పైకొచ్చి నాకు కాస్త దూరంగా కూర్చుంది.

పొయ్యి మీది రాళ్ళు చిటపటమంటున్నాయి.

"అమ్మ పోయాక అక్కడెవరూ కూర్చోలేదు," అంది రీక్కా. "నాన్న కింది బల్ల మీంచి చెయ్యి చాపి రాళ్ళ మీద నీళ్ళు పోస్తాడు. సగం నేలపాలే."

నేను బాల్చీ వైపు చూశాను.

"ఊరికే కూర్చుంటే ఎలా?" అంది రీక్కా, నా వైపు చూడకుండా. "అక్కడ కూర్చున్నవాళ్ళదే ఆ పని. పొయ్యండి."

గరిటె నిండా ముంచి పోశాను. ఎక్కువైపోయింది. ఆవిరి బుస్సుమని లేచి చెవులు కాల్చింది. రీక్కా మొహం మోకాళ్ళలో దాచుకుంది.

"చంపేశారు! అమ్మ కూడా అచ్చం ఇలాగే చంపేది," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ ఆవిరిలో కనబడలేదు. నేను మాత్రం ఏడుస్తున్నాను.

"ఆపేశారేం?" అంది. "ఇంకో గరిటె."