ఊడిన పూత

ఇన్షిరా, కుర్చీలో ఉన్న గాబర్ పెదవిని పక్కకు లాగి, చిగురుకు ఆనించి దూదిచుట్ట దూర్చింది. ఆమె వేళ్లు సబ్బునీళ్లకు పగిలి ఉన్నాయి. అలెగ్జాండ్రియాలోని ఆ పళ్ల ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని పంటిని పొడిగా ఉంచడమే.

"పంటి పూత మళ్లీ ఊడగొట్టుకొచ్చావా బాబాయ్? దారం పంటితో తెంపొద్దన్నానా?" అన్నాడు డాక్టర్ వగ్దీ.

దర్జీ గాబర్ దూదిచుట్ట తీసేశాడు. "అల్లా మీద ఒట్టు నాయనా, తెంపలేదు! దారానికని వేరే చిన్న కత్తెర కొనుక్కున్నా. రొట్టె కూడా టీలో నానబెట్టుకునే తింటున్నా. మా ఆవిడ నన్ను బోసినోటి పసివాడంటోంది."

డాక్టర్ నమ్మనట్టు నవ్వాడు. ఇన్షిరా నవ్వలేదు.

రెండు నెలల క్రితం ఇదే పంటికి ఆమ్లం పూసి, కడిగి, ఆరబెట్టారు. అంచు సుద్దలా తెల్లబడింది. ఆమ్లం తెచ్చే, కంటికి ఆనని ఆ గరుకులోకి ఇంకితేనే జిగురు పూతను పట్టుకుంటుంది. అంతలో దూదిచుట్ట జారి, ఉమ్మి పంటి మీదికి పాకింది. డాక్టర్ అటు తిరిగి ఉన్నాడు. చెబితే మళ్లీ మొదటినుంచి చేయాలి. బయట పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఆమె గాలి ఊది ఆరబెట్టి ఊరుకుంది. ఉమ్మి పొర మీద జిగురు నిలవదని తెలిసీ.

"డాక్టర్ గారూ, తప్పు ఆయనది కాదు," అంది. జరిగింది చెప్పింది.

వగ్దీ చేతిలో పరికరం ఆగింది. "ఇలా ఎన్నిసార్లు?"

"చూసి ఊరుకున్నది ఇదొక్కటే. చూడనివి నాకేం తెలుసు?"

మళ్లీ ఆమ్లం, నీళ్లు, గాలి. కుంచెతో జిగురు రుద్ది, నీలికాంతి పట్టి గట్టిపరిచి, పైన పూత పెట్టారు.

గాబర్ అద్దంలో చూసుకున్నాడు. "అయితే రెండు నెలలుగా పాపం ఈ పంటిని ఊరికే తిట్టానన్నమాట! పోనీలే తల్లీ, ఏడవకు."

ఆ మాటకే ఆమెకు ఏడుపాగలేదు.

ఆ తర్వాత ప్రతి రోగి నోట్లోనూ ఆమె పెట్టిన దూదిచుట్టను డాక్టర్ తన వేలితో నొక్కి చూసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ అలా చూసుకోలేదు.

సాయంత్రం ఆమె ఆసుపత్రి తాళంచెవి బల్ల మీద పెట్టింది. "రేపట్నించి రానండి."

"మీ ఇష్టం," అన్నాడతను తలెత్తకుండా.

ఆమె బూట్లు వేసుకుని ట్రాము వైపు నడిచింది. చేతులు కడిగే తొట్టి కింద, పనిలో తొడుక్కునే ఆమె రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. కుర్చీ వైపు ఒరిగి నిలబడీ నిలబడీ, కుడిదాని లోపలి అంచు కాగితంలా అరిగిపోయింది.