అమ్మమ్మకు అందే స

పంట్లాం కాలు తిరగేసి, సుద్దతో గీత గీసి, పెదాల మధ్య పట్టుకున్న గుండుసూదుల్లోంచి ఒకటి తీసి గుచ్చింది అమ్మమ్మ. ఆ దుకాణంలో కొత్త బట్టలు కుట్టరు. పొడుగువి పొట్టి చేస్తారు, బిగుతువి వదులు చేస్తారు. అందుకే ఆమెను గొప్ప దర్జీ అని ఎవరూ అనలేదు, ఆమె అనుకోనూ లేదు. మనవరాలు పిలిచే పిలుపే దుకాణమంతటికీ అలవాటైపోయి, యజమాని కూడా అమ్మమ్మా అనే పిలుస్తాడు.

"అందరికీ అన్నీ సరిపోతే నాకు కూడెక్కడిది?" అంటుంది.

పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. కత్తెర పట్టేది కుడిచెయ్యి, నొప్పి ఎడమచేతికా అని తనలో తనే నవ్వుకుంది.

బడి వదలగానే మనవరాలు వచ్చింది. కూతురు పని ముగించుకుని వచ్చేదాకా పిల్ల ఇక్కడే ఉంటుంది. ఇస్త్రీబల్ల చివర కీబోర్డు పెట్టుకుంటే, ఇస్త్రీ చేసే ఆవిడ గొణుక్కుంటూనే చోటిస్తుంది.

పిల్లకు సంగీతం రెండు దారుల్లో వచ్చింది. సరిగమలు అమ్మమ్మ నోటివి. ఆమెకు వాళ్ళ అక్క కాగితం ముక్క లేకుండా, అంట్లు తోముతూ నేర్పింది. అయిదేసి గీతల మీద స్వరాలను చుక్కలుగా రాసిన పుస్తకం కీబోర్డు మాస్టారిది. ఆ పేజీ చూసి అమ్మమ్మ, "ఇవేం గుండీలే, కొన్ని నల్లవి, కొన్ని బోలువి" అంది. పిల్ల ప్రతి గుండీ కిందా పెన్సిలుతో స, రి, గ అని రాసుకుంది. అక్కడిదాకా రెండు చదువులూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. చిక్కంతా స దగ్గర వచ్చింది. పుస్తకంలో ప్రతి గుండీకీ కీబోర్డు మీద ఒక మెట్టు ఖాయం, అది ఇల్లు మారదు. అమ్మమ్మ స మాత్రం గొంతు ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటుంది.

కాసేపటికి కోటు చేతులు పొట్టి చేయించుకోవడానికి ఇచ్చిన మాస్టారు దాని కోసం వచ్చాడు. కోటు తొడుక్కుని చూసుకుంటూ అన్నాడు: "రేపే పరీక్షమ్మా. మీ పిల్ల వాయించే పాఠంలో ఒక్క స్వరం తప్పు లేదు, అయినా మొత్తం తప్పే. రాసినచోట మొదలుపెట్టకుండా మూడు మెట్లు కిందినుంచి ఎత్తుకుంటోంది. అలాగైతే నెగ్గదు."

ఆయన వెళ్ళాక అమ్మమ్మ నోట్లోని సూదులన్నీ తీసి పక్కన పెట్టింది.

"ఎందుకే అట్లా?"

"పైన పెడితే నీకు అందట్లేదుగా. నువ్వు ఆగిపోతున్నావు."

ఏడాదిగా పిల్లతో గొంతు కలుపుతూ, ఈ వయసులోనూ తన గొంతు చెక్కుచెదరలేదని మురిసిపోతోంది అమ్మమ్మ. అది ఒక్కో మెట్టే దిగుతుంటే, నోరెత్తి చెప్పకుండా పిల్ల పాటను దింపుకుంటూ వచ్చింది. ఆమెకు సిగ్గేసింది. సిగ్గు వెనకే చెప్పలేనంత సంతోషమూ కలిగింది. ఇంతమందికి బట్టలు సరిచేసిన తనకు, కొలత తీసుకుని మరీ సరిచేసినవాళ్ళు ఇంతకాలానికి ఒకరు దొరికారు.

"నా కొలత నీకెందుకే, నీ కొలతకు నువ్వు వాయించు. పుస్తకంలో ఉన్నచోటే."

"మరి నువ్వు పాడతావా?"

"అందినంత మేర పాడతాలే. ఎత్తుకో ముందు."

పరీక్షకు వేసుకోవాల్సిన గౌను పిల్లకు పొట్టి అయింది. దాన్ని ఒళ్ళో వేసుకుని, అంచు దింపుతూ పిల్ల వెనక కుర్చీలో కూర్చుంది అమ్మమ్మ.

పిల్ల రాసినచోటే మొదలుపెట్టి, చివరిదాకా ఎక్కడా తడబడకుండా వాయించింది. వెనకనుంచి గొంతు కలవలేదు. ఎత్తయిపోయిందనుకుంది. ఒక మెట్టు దిగి మళ్ళీ మొదలుపెట్టింది. రాలేదు. ఇంకొకటి దిగింది. నిన్న ఇద్దరూ కలిసి పాడుకున్న చోటికి వచ్చి, అక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగి చూసింది. తర్వాత అమ్మమ్మ ఎన్నడూ దిగనంత కిందికి జరిగి, అక్కడినుంచి చాలా మెల్లగా ఎత్తుకుంది.

ఇస్త్రీ ఆవిడ పెట్టె దించి కుర్చీ దగ్గరికి వెళ్ళింది. అమ్మమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తిరిగి వచ్చి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంక చాలమ్మా" అంది.

కూతురు వచ్చింది, ఎవరెవరో వచ్చారు, అమ్మమ్మను తీసుకువెళ్ళారు. కుర్చీలో గౌను ఉండిపోయింది. ముందువైపు అంచు దింపి ఉంది, వెనకవైపు ఇంకా పాత మడతలోనే ఉంది, రెండింటికీ మధ్య గుచ్చిన సూదికి జానెడు దారం వేలాడుతోంది.