రహమతున్నీసా కుడి మణికట్టు

పర్చూరులో పెళ్ళికూతురి జాకెట్టు కుట్టాలంటే రహమతున్నీసాయే కుట్టాలి. ఇరవై ఏడేళ్ళుగా కుడుతోంది. మిషనైనా కత్తెరైనా ఇంకొకర్ని ముట్టుకోనివ్వదు. మొగుడు మీరా హుస్సేన్ ఓసారి ఆ కత్తెరతో పాలపాకెట్టు కోసినందుకు మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయనకి మోటారు సైకిళ్ళ రిపేరు షాపుంది. మనిషి నెమ్మది. ఆ మూడు రోజులూ ఆమె మాట్లాడటం లేదన్న సంగతే ఆయన గమనించలేదని వీధిలో చెప్పుకుంటారు.

ఆ ఏడు మాఘమాసంలో ఎదురింటి కోటేశ్వరి కూతురి పెళ్ళి. పద్నాలుగు జాకెట్లు. పెళ్ళి ఇరవై రోజులుందనగా రహమతున్నీసా బీరువా మీదున్న లైనింగు గుడ్డల మూట కోసం ప్లాస్టిక్ స్టూలెక్కింది. స్టూలు కాలొకటి పక్కకి వాలింది. పడుతూ పడుతూ కుడి అరచెయ్యి నేలకానించింది. లోపల ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

ఆ కేకకి కోటేశ్వరి పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో అక్కా! జాకెట్లకేం కాలేదు గదా?" అని, ఆ తర్వాత చేతి వంక చూసి, "అమ్మ బాబోయ్!" అంది. మణికట్టు గరిటె కాడలా వంగిపోయుంది.

పక్క ఊళ్ళో కట్టు కట్టేవాడున్నాడని కోటేశ్వరి, కాదు వేడి ఉప్పు కాపడం పెట్టాలని ఇంకొకామె. మీరా హుస్సేన్ గ్రీజు చేతులతోనే వచ్చి చూశాడు.

"రిమ్ము వంకరపోతే గుడ్డ చుట్టి తోలతామా? గుంటూరు పోదాం, లే" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడేసరికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

గుంటూరు ఆసుపత్రిలో మొదటి గొడవ గాజుల దగ్గరొచ్చింది. చెయ్యి వాచిపోయి గాజులు బిగుసుకున్నాయి, పగలగొట్టాలంది నర్సు.

"పగలగొడతావా? నా మొగుడు నిక్షేపంలా ఉన్నాడమ్మా, అదిగో, కళ్ళెదురుగా ఇడ్లీ తింటున్నాడు!"

మీరా హుస్సేన్‌కి ఇడ్లీ గొంతులో అడ్డంపడింది. ఎలాగో మింగి, "కొట్టెయ్యమ్మా. నేను బతికే ఉన్నానని కాయితం రాసిస్తా" అన్నాడు. డజను గాజులు పోయాయి. ఒక్కొక్కటి చిట్లినప్పుడల్లా ఆమె మొగుడి మొహం వంక చూసింది, తేడా ఏమైనా వస్తోందేమోనని.

ఎముకల డాక్టరు మనోజ్ఞ చిన్నమ్మాయి. ఎక్స్‌రే దీపానికెత్తి చూపించింది. "ఎముక మూడు ముక్కలైందమ్మా. కీలు లోపలికి కూడా చీలిక పోయింది. లాగి సిమెంటు కట్టు వేసినా మళ్ళీ జారిపోయేట్టుంది. ప్లేటు పెట్టి స్క్రూలు బిగిద్దాం. ఎల్లుండి పొద్దున ఆపరేషను."

"ఎన్ని స్క్రూలు?" అడిగాడు మీరా హుస్సేన్.

"ఎనిమిది దాకా పడొచ్చు."

"వాషర్లు?"

"అక్కర్లేదండీ. స్క్రూ తల ప్లేటు మరలోనే బిగుసుకుంటుంది."

ఆయన తృప్తిగా తల పంకించాడు. పెళ్ళాన్ని మంచి మెకానిక్కు చేతిలోనే పెట్టానని ఆయనకి ధైర్యమొచ్చింది.

అప్పటిదాకా చేతికి తాత్కాలికంగా సిమెంటు పట్టీ వేశారు. రక్తం, సుగరు, గుండె అన్నీ చూశారు. ఆపరేషను పొద్దున టీ ఇవ్వకపోయేసరికి రహమతున్నీసా మండిపడింది. "ఆపరేషను చేతికా, నోటికా?"

మత్తు డాక్టరు మెడ పక్కన కాలర్ ఎముక పైన సూది వేసి చెయ్యొక్కటే మొద్దుబారేట్టు చేశాడు. ఆమెకి మెలకువగానే ఉంది. ఆకుపచ్చ గుడ్డకి అవతల చెయ్యి, ఇవతల తను. భయానికి దువాలు చదువుకుంటూనే ఉంది గానీ, డ్రిల్లు చప్పుడు వినేసరికి ఆపేసింది. ఇంటి పక్క షాపులో రోజూ వినేదే.

ముక్కలు సరిచేసి, ప్లేటు బిగించి, చివరికి చర్మం కుడుతున్నారని తెలిసింది.

"డాక్టరమ్మా, దారమేంటి?"

"నైలానమ్మా."

"కుట్లు ఎడమెడంగానా, దగ్గరగానా?"

"సమంగానే వేస్తున్నా."

"గుడ్డ లాగి పట్టుకోకుండా కుట్టు తల్లీ, ముడత పడద్ది."

గుడ్డకి అవతల నవ్వులు. "అమ్మా, నవ్వించకు. చెయ్యి కదులుద్ది" అంది మనోజ్ఞ.

మధ్యాహ్నం గదిలోకి తెచ్చారు. చెయ్యింకా మొద్దుబారే ఉంది. ఆమె పక్కకి ఒత్తిగిలబోతే, దిండు మీదున్న ఆ చెయ్యి జారి, స్టూలు మీద కునుకు తీస్తున్న మీరా హుస్సేన్ చెంప మీద ఫెడేలున పడింది.

"ఇరవై ఏడేళ్ళలో ఎన్ని మాటలన్నా చెయ్యి మాత్రం చేసుకోలేదు" అన్నాడాయన చెంప తడుముకుంటూ.

"నేను కాదయ్యా! ఆ చెయ్యి నాది కాదిప్పుడు!"

సాయంత్రానికి మత్తు దిగి, చెయ్యి మళ్ళీ ఆమెదైంది. నొప్పికి పళ్ళు బిగబట్టి, చివరికి చిన్నపిల్లలా ఏడ్చింది. నర్సు ఇంజెక్షను ఇచ్చింది. ఆయన రెండు దిండ్లు పేర్చి చెయ్యి ఎత్తులో పెట్టి, అది జారకుండా పక్కనే కూర్చున్నాడు. "మళ్ళీ కుడతానా?" అని అడిగింది. ఆయనకి తెలీదు. "కుడతావు" అన్నాడు.

వేళ్ళు రేపట్నుంచే కదపాలి, ఆరు వారాలు బరువెత్తకూడదని చెప్పి పంపించారు. ఆమె మొదటి సగమే విన్నది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కోటేశ్వరి. జాకెట్లు ఇంకా పదకొండున్నాయి, వేరే చోట ఎవరూ ఒప్పుకోవడం లేదు. గతిలేక రహమతున్నీసా మొగుణ్ణి మిషను ముందు కూర్చోబెట్టింది.

"అరంగుళం వదిలి కొయ్యి."

"పన్నెండు పాయింటు ఏడు మిల్లీమీటర్లు" అని గొణుక్కుని, స్టీలు స్కేలు ఆనించి గీత గీశాడాయన. గంటకో జాకెట్టు కుట్టే ఆమెకి, పూటకో చెయ్యి కుట్టే ఆయన్ని చూస్తుంటే పై ప్రాణం పైనే పోయేది. మొదటిది కోటేశ్వరిదే. రెండు వైపులా కుడి చెయ్యే అతికించాడు. కూతురి పెళ్ళంతా కోటేశ్వరి ఎడమ చెయ్యి పైకెత్తకుండా తిరిగింది. ఆమెకీ మణికట్టు విరిగిందనుకుని చుట్టాలు పరామర్శించారు. మిగతావి బాగానే కుదిరాయి.

మధ్యలో ఓ రోజు, ఆయన షాపుకెళ్ళగానే, రహమతున్నీసా కుడిచేత్తో కత్తెర పట్టుకుంది. నొప్పి భుజం దాకా కొట్టి కత్తెర కింద పడింది. ఆయన వచ్చి కత్తెర చూశాడు. దాన్ని తీసుకెళ్ళి స్పానర్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

పద్నాలుగో రోజు కుట్లు విప్పారు. గీత సన్నగా, ముడత లేకుండా ఉంది. "మంచి చెయ్యమ్మా నీది" అంది డాక్టరుతో. ఆ పైన వ్యాయామాలు. ఫిజియోథెరపీ అమ్మాయి ఆశ్రిత మణికట్టు వంచమనేది, తిప్పమనేది. అరచెయ్యి పైకి తిరగడమే కష్టమైంది. నమాజు తర్వాత దువాకి చేతులు చాపితే ఎడమ అరచెయ్యి ఆకాశం వంక, కుడిది గోడ వంక చూసేది. "అల్లా, గోడ వైపు పడ్డది కూడా లెక్కలో వేసుకో" అనుకునేది. వేడినీళ్ళలో పెట్టి రోజుకి నాలుగుసార్లు తిప్పింది. తొమ్మిదో వారం రెండు అరచేతులూ సమంగా తెరుచుకున్నాయి. ఆవేళ ఆమె ఏమీ అడగలేదు, ఊరికే చూసుకుంటూ కూర్చుంది.

మూడో నెల ఎక్స్‌రేలో ఎముక అతుక్కుంది. ప్లేటు ఇబ్బంది పెడితే తప్ప తీయక్కర్లేదంది మనోజ్ఞ.

మర్నాడే మిషనెక్కింది. ఓ పూట గడవలేదు, కోటేశ్వరి లంగా గుడ్డలు తెచ్చింది.

"ఇవి హుస్సేన్ బావ చేత కుట్టించక్కా. ఆయన కుట్టు గట్టిగా ఉంటుంది."

రహమతున్నీసా మొహం కందగడ్డయింది. లోపలికెళ్ళి తను కుట్టలేని రోజుల్లో ఆయన కుట్టిన లంగా ఒకటి తెచ్చి, తిరగేసి, కొత్త మణికట్టుతో కుట్టు దగ్గర పట్టి గట్టిగా లాగింది. ఇంకోసారి లాగింది. పోగు కూడా జరగలేదు.

"ఫర్వాలేదు" అంది.

షాపు గుమ్మంలోంచి ఆ మాట విన్న మీరా హుస్సేన్ ఆ సాయంత్రం బండ్లు పక్కనపెట్టి ఆరు లంగాలు కుట్టాడు.