కుడి సీటు

విమానాలు నడిపేవాళ్ల మీటింగంటే ఏ స్టార్ హోటల్లోనో అనుకుంటాం. కాదండీ, మొఘల్‌పురాలో, కెప్టెన్ జగదీశ్వర్ బామ్మర్ది ఫంక్షన్ హాల్లో. కిరాయి లేదని అక్కడ పెట్టారు. మెట్ల మీద నిన్నటి పెళ్లి అక్షింతలు ఇంకా ఊడ్వనే లేదు. పక్క గల్లీలో ఎవరిదో బరాత్. ఆ బ్యాండు మోతకు తలుపులన్నీ మూసేస్తే లోపల మనుషులు ఉడికిపోతున్నారు.

ఆ ఉడుకు, గాలి ఆడక మాత్రమే కాదు. కంపెనీ ఒక్క రొట్టె చూపించి రెండు పిల్లులను కొట్టుకోమంది. అరవై ఏళ్లకు రిటైరయ్యేవాళ్లను అరవై అయిదు దాకా ఉంచుతాం, లేదంటే కొత్తవాళ్లకు పాతవాళ్లతో సమానంగా జీతమిస్తాం, ఏదో ఒకటి మీరే తేల్చుకోండి అంది. పని ఒకటే, సీటు ఒకటే, కొత్తవాళ్లకొచ్చేది మాత్రం పాతవాళ్ల జీతంలో సగం. ముందు వరసల్లో నెరిసిన తలలు, వెనక వరసల్లో నల్ల తలలు. ఎటు కూర్చోవాలో తెలియక ప్రీతి గోడవార నిలబడింది.

పాపం, ఆమెది కో-పైలట్ ఉద్యోగం, కుడి సీటు. ఎడమ సీటు కెప్టెన్‌ది. ఒక కెప్టెన్ దిగిపోతేనే ఒక కో-పైలట్ అటు ఎక్కేది. పెద్దవాళ్లు ఇంకో అయిదేళ్లు కదలకపోతే తనూ సగం జీతంతో కుడి సీట్లోనే. పోనీ వేరే కంపెనీకి పోదామా అంటే అక్కడ మళ్లీ వరస చివర నిలబడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అసలు ఆమెను కాక్‌పిట్ దాకా తెచ్చిందే జగదీశ్వర్. కంచన్‌బాగ్‌లో ఇద్దరివీ ఒకే లైన్‌లో ఇళ్లు. ఆడపిల్లకు విమానమేందని ఆమె తండ్రి ఇశ్రాయేలు మొండికేస్తే, ప్రతి ఆదివారం చర్చి బయట కాపుకాసి మరీ ఒప్పించాడు. డ్యూటీలో సార్ అన్నా, ఇంటి దగ్గర ఆయన ఆమెకు బాబాయిలాంటి కాకే.

అరవైకి దగ్గరపడ్డ ఆ కాకకు ఏడాదిగా వినికిడి తగ్గింది. ఈ సంగతి ప్రీతికి తప్ప నరమానవుడికి తెలియదు. మెడికల్ పరీక్షలో చడీచప్పుడూ లేని గదిలో కూర్చోబెడతారు, గట్టెక్కేస్తాడు. హోరు ఉందంటే మాట తప్పిపోతుంది. విమానంలో ఒకరు నడుపుతుంటే రెండోవాళ్లు రేడియోలో కింది టవర్‌తో మాట్లాడాలి, వాళ్లిచ్చిన అంకెలను తిరిగి అప్పజెప్పాలి. ప్రీతి నడిపే వంతు వచ్చినప్పుడు ఆ అంకెలను తనే ఒక్కొక్కటీ విడదీసి పలికేది, ఆయన అవే టవర్‌కు అప్పజెప్పేవాడు. పెద్దాయన పరువు పోకూడదని ప్రేమతో మొదలుపెట్టిన పని. ప్రేమే కదా కొంప ముంచేది! ఇప్పుడు మానితే విమానంలో ఉన్నవాళ్లకు ముప్పు, బయటపెడితే ఆయన బతుకు బుగ్గి. రోజూ భయంతోనే ఎక్కుతోంది, భయంతోనే దిగుతోంది.

వెనక వరసలోంచి శ్రవణ్‌కుమార్ అనే కుర్ర పైలట్ లేచాడు. "మీరంటే ఇజ్జత్ ఉంది సార్. గని అరవై దాటినంక కండ్లు, చెవులు గట్లనే ఉంటయా? గ్యారంటీ ఏంది?"

జగదీశ్వర్ పక్కాయన వైపు వంగితే ఆయన ఆ ప్రశ్నను మళ్లీ చెప్పాడు. బరాత్ మోత వల్ల అనుకున్నారంతా. జగదీశ్వర్ మైకు అందుకున్నాడు.

"నా చెవులా? నా పక్కన కూసునే పిల్ల ఈడనే ఉంది, అడుగుండ్రి. చెప్పు బిడ్డా ప్రీతీ!"

హాలు హాలంతా ఆమె వైపు తిరిగింది. నిజం చెబితే ఈ వెనక వరసలన్నీ బతుకుతాయి, ఆ పెద్దమనిషి ఇంత మందిలో నేలకూలతాడు. ఇదేం శోధన ప్రభువా అని లోపలే మొత్తుకుంది. కాకేమో ధీమాగా నవ్వుతున్నాడు.

"సార్‌కు అన్నీ మంచిగనే ఇనబడతయి" అంది.

చప్పట్లు మోగాయి. చేతులు లేచాయి. అరవై అయిదే గెలిచింది. బయటికి పోతూ శ్రవణ్‌కుమార్ ఆమె దగ్గర ఆగి, "మస్తు చేసినవ్ అక్కా" అన్నాడు. చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు.

తలుపులు తెరవగానే బ్యాండు హోరు లోపలికొచ్చి పడింది. జగదీశ్వర్ బిర్యానీ ప్లేటు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన కళ్లల్లో నీళ్లు.

"నాకు ఎర్కనే బిడ్డా. నాకు అందనిది నువ్వు అందిస్తున్నవని. గందుకే డ్యూటీలేసేటోళ్లకు చెప్పి నిన్ను నా పక్కనే ఏయించుకుంటున్న. మొన్న కెప్టెన్ ట్రైనింగ్‌కు నీ పేరొస్తే గూడ, ఇంకా పచ్చిపిల్ల, జర ఆగుండ్రని నేనే అన్న. నువ్వు లేకుంటే నేను ఎగురలేను."

ప్రీతికి ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. ఇన్నాళ్లూ ఈయన గుట్టు నేను కాపాడుతున్నానని మురిసిపోయానే, నన్నే కట్టేసి ఉంచుకున్నాడా!

"రేపే ఆఫీసుకు పోయి మొత్తం చెప్పేస్త కాకా. నీ పక్కన ఇగ కూసోను" అంది, మామూలు గొంతుతోనే.

ఆయనకు పెదవులు కదలడమే కనిపించింది. "ఫికర్ చెయ్యకు, అయిదేండ్లే గద" అంటూ ప్లేటులో ఇంకో ముక్క వేశాడు.

అంటే ఆ మాట మళ్లీ అనాలి. ప్రీతి గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచింది. ఆయన వెంటనే చిన్నపిల్లాడిలా తల వంచి, చెవి ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఏంది బిడ్డా?"

"ముక్కలు... చాలు... కాకా" అంది ప్రీతి, ఒక్కో మాటా విడదీసి, ఆయనకు వినబడేలా.