ఇంటిదాకా వచ్చిన నెవర్

పార్సిల్ ఆఫీసులో డబ్బాలకి టేపు వేసే పని అయిపోగానే ఆ పిల్ల చేతులు కడుక్కుని, టైలరు కొట్టు మీది గదిలో జరిగే ఇంగ్లీషు క్లాసుకి పోయేది. ఇంగ్లీషు వస్తేనే కౌంటర్లో కూర్చోబెడతామన్నారు మరి.

ఆవేళ పంతులమ్మ బోర్డు మీద ఆల్వేస్, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్ అని రాసింది.

"తెలుగులో వీటిని ఎక్కడ పడేసినా ఊరుకుంటాయి. ఇంగ్లీషులో కుదరదు. ముఖ్యంగా ఆల్వేస్, నెవర్‌లకి పట్టింపు ఎక్కువ. చేసే మనిషికీ చేసే పనికీ మధ్యలో కూర్చోబెట్టాలి. 'ఈజ్' గానీ 'ఆమ్' గానీ ఉంటే దాని వెనకాల."

ఆ బోర్డు మీది పదాలు అప్పుడప్పుడు ఎవరో ఒకరి వెంట ఇంటికి పోతుండేవి. మనస్ఫూర్తిగా ఒక వాక్యం చెప్పి, అందులో వాటి చోట వాటిని కూర్చోబెడితే తిరిగి బోర్డెక్కేవి. చెప్పిన వాక్యం మాత్రం ఆ ఇంట్లో నిజమై ఉండిపోయేది. ఆల్వేస్ వెంటబడినప్పుడు, క్లాసుకొచ్చే మెకానిక్ ఒకడు విసుగులో "మై వైఫ్ ఆల్వేస్ షౌట్స్" అనేశాడు. అప్పట్నుంచి క్లాసుకి అందరికంటే ముందొచ్చి కూర్చుంటున్నాడు.

ఈసారి ఆ పిల్ల వెనకాల నెవర్ బయల్దేరింది. మెట్ల మీద సుద్దపొడి రాల్చుకుంటూ ఇంటిదాకా వచ్చి, వాళ్లమ్మ పీట పక్కన చతికిలబడింది.

అమ్మ టైలరుకి కాజాలు కుట్టిపెట్టేది. పెరటి గుమ్మంలో బోలెడు వెలుతురున్నా వీధి గుమ్మంలోని మసక చీకట్లోనే కూర్చునేది. లారీ మలుపు తిరిగితే అక్కణ్ణుంచే కనపడుతుంది. వచ్చేవారం వస్తానని లారీ ఎక్కిన నాన్న ఏ వారమో చెప్పలేదు. కాజాలు వంకర పోతున్నాయని టైలరు సణిగేవాడు. "మీకు కళ్లు ఎక్కువయ్యాయి" అని అమ్మ కొట్టిపారేసేది.

ఆ పిల్ల నెవర్‌ని వదిలించుకోవాలని నానా తంటాలూ పడింది. "ఐ నెవర్ ఈట్ బ్రిక్స్" అంది. అది కదల్లేదు. "ఐ నెవర్ ఫ్లై" అంది. ఆవులించినట్టుగా సాగి మళ్లీ ముడుచుకుంది. మనసులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మై ఫాదర్ నెవర్ కమ్స్. నోటిదాకా వచ్చిన ప్రతిసారీ పెదవి కొరుక్కునేది. అనేస్తే ఇక అంతే కదా.

"ఏం పార్సిలూ, అది ఇంకా వదల్లేదా?" అన్నాడు క్లాసులో మెకానిక్.

"నీకేం బాబాయ్, తొందరపడి తేల్చేసుకున్నావ్."

"తేలిందెక్కడ, మునిగాను" అన్నాడతను.

ఆదివారం పొద్దున ఆ పిల్ల బట్టలు ఆరేస్తుంటే అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఏమే, ఇదేం పదం?"

"ఎప్పుడూ చెయ్యం అని చెప్పడానికమ్మా."

"ఎదురుచూడ్డాన్ని ఏమంటారు?"

"వెయిట్."

"నేను అనడానికి ఐ కదూ. మరి దీన్నెక్కడ కూర్చోబెట్టాలి?"

"మధ్యలో" అనేసింది ఆ పిల్ల, పంతులమ్మ అడిగినప్పుడు చెప్పినట్టే. అన్నాక గానీ అమ్మ ఏం అనబోతోందో తట్టలేదు. తడిబట్ట వదిలేసి పరిగెత్తింది.

అప్పటికే అమ్మ మెల్లగా, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ "ఐ నెవర్ వెయిట్" అంది.

నెవర్ లేచి, సుద్దపొడి దులుపుకుని వీధిలోకి నడిచింది. ఆ పిల్ల వెంటపడింది. మలుపు దాకా వెళ్లింది. పదాన్ని ఎక్కడని పట్టుకుంటుంది? తిరిగొచ్చేసరికి అమ్మ పీట పెరటి గుమ్మంలోకి మారింది. కాజాలు గీత గీసినట్టు పడుతున్నాయి. నీ చెయ్యి భలే కుదిరిందమ్మా అని టైలరు మెచ్చుకుని ఇంకా పని పంపాడు. ఆ పిల్ల పీటని రెండుసార్లు వీధి వైపుకి లాగి చూసింది. "అక్కడ చీకటే" అని అమ్మ వెనక్కి జరుపుకుంది.

ఓ మధ్యాహ్నం లారీ వచ్చి ఇంటిముందు ఆగింది. గడ్డం మాసిన నాన్న, చేతిలో సంచీతో గుమ్మంలో నిలబడి లోపలికి చూశాడు. ఆ పిల్ల పెరట్లోకి పరిగెత్తింది.

"అమ్మా, నాన్నొచ్చాడు."

అమ్మ దారం పళ్లతో తెంపి, ముడి సరిచూసుకుంది.

"అలాగా" అంది. "కూర్చోమను. ఈ చొక్కా అవగానే వస్తా."