హాలు సర్దిన రోజు

మూడు సీట్ల సోఫాను మోకాలితో నెట్టి, వెనక్కి వచ్చి చూశాడు. ఇంకొంచెం పక్కకి జరగాలి. మళ్ళీ నెట్టాడు. ఫర్నిచర్ షాపులో ఇరవై ఆరేళ్ళుగా అతని పని ఇదే. అడ్డుగోడల్లేని పెద్ద హాల్లో ఇటు సోఫాలు, అటు భోజనాల టేబుళ్ళు వేసి, నిజంగానే ఎవరో కాపురం ఉంటున్నట్టు చూపించాలి. అందరూ సర్దుడు మాస్టారంటారు. ఇన్ని కాపురాలు పెట్టినవాడికి సొంత కాపురం మాత్రం కుదరలేదు.

"ఏంటి మాస్టారూ, చెయ్యి ఇక్కడుంది, మనసెక్కడో ఉంది?" అన్నాడు యజమాని.

"మా అక్కొస్తోందండీ భోజనానికి. ఒక పూట సెలవడిగాను కదా."

అక్కంటే అతనికి అమ్మ కిందే లెక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. ఇప్పుడు కూతురింట్లో ఉంటోంది. నా దగ్గరికి వచ్చెయ్యక్కా అని ఏడాదిగా పోరుతున్నాడు. "నీ కొంపలో కాలు పెట్టడానికి చోటుందిట్రా?" అని నవ్వేసేది. కిందటి నెల మాత్రం "సరేలే, వచ్చి చూస్తా" అంది. ఆ ఒక్క మాటతో అతనికి రెక్కలొచ్చాయి.

ఇల్లంటే ఒక పొడుగాటి హాలు, వెనక వంటకింత చోటు, చిన్న పడగ్గది. పడగ్గది అక్కకి. తను హాల్లోనే పడుకుంటాడు. చేతిలో డబ్బాడదు కనక షాపులో పారేసినవే పోగేశాడు. ప్యాకింగు చెక్కలు బిగించి దివాను చేశాడు. చిరిగిన సోఫా తొడుగుల్లో బాగున్న మేర కత్తిరించి దిండ్లు కుట్టాడు. కాళ్ళు విరిగిన టేబుల్ని విరిగిన వైపు గోడకి బిగించాడు. మిగిలిన రంగు డబ్బాలన్నీ కలిపితే లేత పసుపొచ్చింది, అది భోజనాల వైపు మాత్రమే పూశాడు. ఇక్కడిదాకా కూర్చునే గది, ఇక్కణ్ణుంచి తినే గది అని పసివాడికైనా తెలుస్తుంది. చెప్పొద్దూ, ముచ్చటగానే ఉంది.

అక్క ఒంటిగంటకొచ్చింది. చేతిసంచీ తప్ప ఏమీ తేలేదు. బట్టలు తర్వాత తెచ్చుకుంటుందిలే అనుకున్నాడు. ఆవిడ గోడ తడిమింది, దిండు నొక్కింది.

"ఒరేయ్, ఇదంతా నువ్వే చేశావా! నా దిష్టే తగిలేట్టుందిరా."

వడ్డించాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. రెండు ముద్దలు తిని అక్క చెయ్యి ఆపింది.

"ఎవరొస్తారని చూస్తున్నాంరా?"

"ఎవరూ రారక్కా. ఏం?"

"మరి అన్నీ గుమ్మం కేసి తిప్పి పెట్టావేంటి? బస్సులో కూర్చుని తింటున్నట్టుంది. నీ మొహం చూద్దామంటే మెడ పట్టేస్తోంది."

అతను అప్పుడు చూశాడు. దివాను, టేబులు, కుర్చీలు, అన్నీ షాపులోలాగే లోపలికొచ్చే కొనుగోలుదారు కేసే. ఇంట్లో ఉండేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారన్న సంగతే తట్టలేదు. సిగ్గుతో చితికిపోయాడు. అక్క పొట్ట పట్టుకుని నవ్వి, ఎడం చేత్తో తన కుర్చీని బరబరా ఈడ్చుకెళ్ళి అతనికి ఎదురుగా వేసుకుంది.

ఎదురెదురుగా కూర్చుని చాలాసేపు తిన్నారు. చేతులు ఎండిపోయాక అక్క మెల్లగా చెప్పింది.

"అమ్మాయికి బదిలీ అయిందిరా. రెండ్రోజుల ప్రయాణమట. వచ్చే వారమే సామాను కడుతున్నారు. దాని చిన్నదానికింకా మాటలైనా రాలేదు, నేను వెళ్ళకపోతే ఎలా? ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు."

"మళ్ళీ ఎప్పుడొస్తావక్కా?"

"నాకిప్పుడు అరవై ఎనిమిది రా," అంది.

నాలుగింటి బస్సు ఎక్కించి వచ్చాడు. ఉండిపోవే అక్కా అని గొంతుదాకా వచ్చింది, అనలేకపోయాడు. అక్క కావాలి, చిన్నప్పట్లా అక్క కావాలి అని దారి పొడుగునా మనసు కొట్టుమిట్టాడింది.

ఇంటికొచ్చి కంచాలు కడిగాడు. టేబులు తుడిచాడు. అలవాటు కొద్దీ కుర్చీ సర్దబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హాలు మొత్తంలో అదొక్కటే, గుమ్మానికి వీపు పెట్టి, అతను కూర్చునే చోటుకేసి తిరిగి ఉంది.